దూది దమ్ము మీద పరిశోధనలు: పైసా ఖర్చు లేకుండా వెతుక్కునేదెట్ల?

బ్లోరూంలోనో, కార్డింగ్ ఖాతాలోనో ఏండ్ల తరబడి పనిచేసి, ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే ఆయాసపడే పెద్దమనిషి మీ ఇంట్లో ఉన్నాడా? ఉంటే ఆయన్ని ఒక్క మాట అడగండి. "సుట్టీ అయిపోయి మళ్లీ పనికెక్కిన రోజు ఛాతీ బిగబట్టినట్టు ఉండేదా? రెండు మూడు రోజులకు అదే సర్దుకునేదా?"

అవునంటే ఆ జవాబును తేలిగ్గా తీసుకోవద్దు. ఆ సోమవారం పట్టుకు డాక్టర్ల పుస్తకాల్లో ఒక పేరుంది, దాని మీద దేశదేశాల్లో పరిశోధనలు జరిగాయి, మన దేశంలోనూ జరిగాయి. మన ఇండ్లల్లో దాన్ని దమ్ము అంటాం, బీడీ దగ్గు అంటాం, వయసు మీద పడ్డదంటాం. ఆస్పత్రి చీటీ మీద ఆస్తమా అనో, బ్రాంకైటిస్ అనో రాసి ఉంటుంది. అసలు పేరు బిస్సినోసిస్. దూది, జనుము, అవిసెనార దుమ్ము పీల్చడం వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు ఇది.

ఆ పరిశోధన వ్యాసాలు యూనివర్సిటీ పెద్దసార్ల కోసమే కాదు. చేతిలో మామూలు ఫోనుండి, ఇంట్లో పదో తరగతి ఇంగ్లీషు చదవగల పిల్లలుంటే చాలు, అందులో చాలా భాగం మనకూ దొరుకుతుంది. ఎట్ల వెతకాలో, దొరికినదాన్ని ఎట్ల వాడాలో ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు సరైన పేరు పట్టాలి

వెతకడంలో సగం పని సరైన మాట దొరకబుచ్చుకోవడమే. "మిల్లులో దమ్ము" అని కొడితే మందుల ప్రకటనలు వస్తాయి. పరిశోధకులు ఏ మాట వాడారో మనమూ అదే మాట కొట్టాలి.

బిస్సినోసిస్ స్పెల్లింగు కొంచెం తికమకగా ఉంటుంది, కాబట్టి నోటు చేసుకోండి: బి, వై, ఎస్, ఎస్, ఐ, ఎన్, ఓ, ఎస్, ఐ, ఎస్. మొదట్లో బి పక్కన ఐ కాదు, వై వస్తుంది. దీనికే అమెరికాలో జనం పెట్టిన పేరు బ్రౌన్ లంగ్. దానితో పాటు కాటన్ డస్ట్, టెక్స్‌టైల్ వర్కర్స్ అనే మాటలు కూడా పనికొస్తాయి. మరమగ్గాల మీద పనిచేసినవాళ్లయితే పవర్‌లూమ్ అనే మాట కలపండి.

ఊరి పేర్ల దగ్గర ఇంకో చిక్కుంది. ఇప్పుడు మనం ముంబై అంటున్నాం, కానీ 1995కు ముందు రాసిన వ్యాసాల్లో బాంబే అనే ఉంటుంది. షోలాపూర్‌ను ఇంగ్లీషులో ఒకప్పుడు ఎస్-హెచ్‌తో మొదలుపెట్టి రాసేవాళ్లు, ఇప్పుడు ఉత్త ఎస్‌తో రాస్తున్నారు. పద్మశాలి అనే మాటను కూడా కొందరు ఎస్‌తో, కొందరు ఎస్-హెచ్‌తో రాస్తారు. కొత్త పేరుతో ఒకసారి, పాత పేరుతో ఒకసారి వెతకాలి. ఒక్క పేరు కొట్టి "ఏమీ లేదు" అనుకొని ఫోను పక్కన పెట్టేస్తే, ఉన్నదే మనకు కనపడకుండా పోతుంది.

జబ్బుల సంగతికి పబ్‌మెడ్

వైద్య వ్యాసాలకు మొదట పోవాల్సిన చోటు పబ్‌మెడ్. ఇది అమెరికా ప్రభుత్వ వైద్య గ్రంథాలయం నడిపే జాబితా. 1997 నుంచి ఎవరైనా ఉచితంగా వెతుక్కునేలా తెరిచిపెట్టారు. మూడున్నర కోట్లకు పైగా వ్యాసాల వివరాలున్నాయి. లాగిన్ అవసరం లేదు, ఫీజు లేదు.

పెట్టెలో బిస్సినోసిస్ అని కొట్టి, పక్కన పెద్దక్షరాల్లో ఆండ్ అని పెట్టి, ఇండియా అని రాయండి. రెండు మాటలూ ఉన్న వ్యాసాలే వస్తాయి. ఏదో ఒక మాట ఉన్నా చాలనుకుంటే పెద్దక్షరాల్లో ఆర్ అని పెట్టాలి. ఉదాహరణకు బాంబే ఆర్ ముంబై. ఆండ్, ఆర్ రెండూ పెద్దక్షరాల్లోనే ఉండాలి.

వచ్చిన పట్టికలో ఒక్కో వ్యాసానికి పేరు, రాసినవాళ్లు, పత్రిక, సంవత్సరం ఉంటాయి. పేరు మీద నొక్కితే చాలావాటికి పది పదిహేను లైన్ల సారాంశం వస్తుంది. ఇంగ్లీషులో దాన్ని ఆబ్‌స్ట్రాక్ట్ అంటారు. పట్టిక పక్కన ఫ్రీ ఫుల్ టెక్స్ట్ అనే గడి ఉంటుంది (ఫోనులోనైతే ఫిల్టర్ల బటన్ నొక్కితే కనిపిస్తుంది). అది నొక్కితే వ్యాసం మొత్తం ఉచితంగా దొరికేవే మిగులుతాయి. వాటిలో చాలావరకు పబ్‌మెడ్ సెంట్రల్ అనే ఇంకో భండారంలో ఉంటాయి. బ్రిటిష్ జర్నల్ ఆఫ్ ఇండస్ట్రియల్ మెడిసిన్ అనే పాత పత్రిక సంచికలు అక్కడే ఉన్నాయి. దూది దుమ్ము మీద తొలి తరం పరిశోధనలు చాలా అందులో అచ్చయ్యాయి. 1992లో జె.ఆర్. పారిఖ్ అభివృద్ధి చెందుతున్న దేశాల్లో బిస్సినోసిస్ గురించి రాసిన వ్యాసం కూడా ఆ పత్రికలోదే.

మన మిల్లుల వాళ్లు తప్పక చూడాల్సింది ఇంకొకటుంది. 1995లో ది నేషనల్ మెడికల్ జర్నల్ ఆఫ్ ఇండియాలో "బిస్సినోసిస్ ఇన్ ఎ బాంబే టెక్స్‌టైల్ మిల్" అనే పేరుతో ఒక వ్యాసం వచ్చింది. పేరులో బాంబే అనే ఉంది చూడండి. పాత పేరుతో కూడా వెతకాలని చెప్పింది ఇందుకే.

గూగుల్ స్కాలర్‌లో నాలుగు కిటుకులు

మామూలు గూగుల్ వేరు, గూగుల్ స్కాలర్ వేరు. స్కాలర్ 2004లో మొదలైంది. ఇందులో పత్రికల వ్యాసాలు, పుస్తకాలు, పీహెచ్‌డీ గ్రంథాలు వెతుకుతాం. మందుల అంగళ్ల ప్రకటనలు ఇక్కడ అడ్డం రావు.

ఒకటి: రెండు మాటలు కలిసే రావాలంటే వాటిని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టాలి. కాటన్ డస్ట్ అని గుర్తుల మధ్య పెడితే ఆ రెండు మాటలూ పక్కపక్కనే ఉన్నవి వస్తాయి. గుర్తులు లేకపోతే కాటన్ ఒకచోట, డస్ట్ ఇంకోచోట ఉన్నవి కూడా వచ్చి పడతాయి.

రెండు: వ్యాసం పక్కన పీడీఎఫ్ అని కనిపిస్తే అది తెరుచుకునే అవకాశం ఎక్కువ. కనిపించకపోతే కింద ఆల్ వెర్షన్స్ అని ఉంటుంది. అది నొక్కితే అదే వ్యాసం ఇంకెక్కడెక్కడ ఉందో చూపిస్తుంది. ఒకచోట తాళం వేసి ఉన్నా ఇంకోచోట తలుపు తెరిచి ఉండొచ్చు.

మూడు: సైటెడ్ బై అనే మాట కింద ఒక అంకె ఉంటుంది. ఈ వ్యాసాన్ని తర్వాత ఎంతమంది తమ రాతల్లో పేర్కొన్నారో ఆ లెక్క అది. దాని మీద నొక్కితే ఆ తర్వాతి వ్యాసాలన్నీ వస్తాయి. పాత వ్యాసం ఒక్కటి దొరికితే దాని తోక పట్టుకొని కొత్తవాటి దాకా రావచ్చు.

నాలుగు: ఎడమ పక్కన సంవత్సరం పెట్టుకునే వీలుంది. ఈ మధ్య వచ్చినవే కావాలంటే అక్కడ మార్చుకోవాలి.

డబ్బులు అడిగితే?

కొన్ని వ్యాసాల దగ్గర సారాంశం చూపించి, మిగతాది చదవాలంటే డాలర్లు కట్టమని అడుగుతారు. మన లెక్కలో వేల రూపాయలు. అక్కడ కార్డు నంబరు కొట్టకండి. అంతకు ముందు చేయాల్సినవి ఇవి.

మొదటిది, పైన చెప్పినట్టు ఆల్ వెర్షన్స్ చూడండి. కంప్యూటర్ మీద వెతికేవాళ్లు అన్‌పేవాల్ అనే చిన్న ఉచిత పనిముట్టును బ్రౌజరుకు తగిలించుకోవచ్చు. చట్టబద్ధమైన ఉచిత ప్రతి ఎక్కడైనా ఉంటే అదే చూపిస్తుంది.

రెండోది, కాలేజీ పిల్లలను అడగండి. కేంద్ర ప్రభుత్వం వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే పథకం పెట్టింది. 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. 30 పెద్ద ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13,000 పత్రికలు ఇందులో ఉన్నాయి. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల కింద నడిచే 6,300 పైచిలుకు ఉన్నత విద్యాసంస్థల విద్యార్థులు, అధ్యాపకులు, పరిశోధకులు వీటిని చదవొచ్చు. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం దీన్ని చూసుకుంటోంది. మన బస్తీ నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీకో, ఇంజనీరింగ్ కాలేజీకో, యూనివర్సిటీకో పోతున్న బిడ్డ ఉంటే, ఆ తాళంచెవి ఆమె చేతిలోనే ఉండొచ్చు. తన కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో లైబ్రేరియన్‌ను అడిగితే చెబుతారు. ఎయిడెడ్, ప్రైవేటు కాలేజీల పిల్లలు కూడా "మన లైబ్రరీకి ఏ డేటాబేస్‌లు ఉన్నాయి సార్" అని ఒకసారి అడిగి చూడాలి. అడిగేవాళ్లు లేక వాడకుండా పడి ఉన్న చోట్లు ఉంటాయి.

మూడోది, రాసినవాళ్లకే ఉత్తరం రాయడం. చాలా వ్యాసాల మొదటి పేజీలోనే రచయిత ఈమెయిల్ ఉంటుంది. "మా నాయన ఫలానా మిల్లులో ఇన్నేండ్లు చేసినాడు, మీ వ్యాసం చదవాలని ఉంది, ఒక ప్రతి పంపగలరా" అని నాలుగు లైన్లు మర్యాదగా రాస్తే చాలు. తమ వ్యాసం ప్రతిని అడిగినవాళ్లకు పంపడం పరిశోధకుల్లో ఎప్పటినుంచో ఉన్న అలవాటే.

దొరికిన ప్రతిదీ నిజం కాదు

అచ్చయిన ప్రతి వ్యాసానికీ ఒకే విలువ ఉండదు. డబ్బు తీసుకొని ఏది పంపినా వేసేసే పత్రికలు కూడా ఉన్నాయి. ఆ పత్రిక పబ్‌మెడ్‌లో కనిపిస్తుందా, ఉచిత పత్రికల జాబితా అయిన డీఓఏజేలో ఉందా అని చూసుకోవాలి. వ్యాసం మీద రిట్రాక్టెడ్ అని ఉంటే దాన్ని వెనక్కి తీసుకున్నారని అర్థం. దాన్ని వాడొద్దు.

ఈ మధ్య పిల్లలు చాట్‌జీపీటీ లాంటివాటిని అడిగి వ్యాసాల పేర్లు రాసుకుంటున్నారు. కష్టమైన ఇంగ్లీషును తేలిక మాటల్లో చెప్పించుకోవడానికి అవి పనికొస్తాయి. కానీ లేని వ్యాసానికి పేరు, పత్రిక, సంవత్సరం అన్నీ కల్పించి ఇచ్చే గుణం వాటికి ఉంది. అది ఇచ్చిన పేరును పబ్‌మెడ్‌లోనో, స్కాలర్‌లోనో కొట్టి చూడాలి. అక్కడ దొరక్కపోతే దాన్ని నమ్మి ఆఫీసులకు తీసుకుపోకూడదు.

చదివేటప్పుడు నాలుగు ప్రశ్నలు పక్కన రాసి పెట్టుకోండి. ఎంతమందిని పరీక్షించారు? వాళ్లు ఏ ఖాతావాళ్లు? ఎన్నేండ్లు పనిచేసినవాళ్లు? బీడీ, సిగరెట్ తాగేవాళ్లను వేరుగా లెక్కపెట్టారా? ఈ నాలుగింటికీ జవాబు చెప్పని వ్యాసం మీద ఎక్కువ ఆధారపడొద్దు.

ఆ వ్యాసాలు ఏం చెబుతున్నాయి?

నార దుమ్ముతో దగ్గు వస్తుందన్నది కొత్త సంగతేమీ కాదు. ఇటలీ వైద్యుడు రమాజినీ 1700లో కార్మికుల జబ్బుల మీద రాసిన పుస్తకంలోనే అవిసెనార, జనుము దువ్వేవాళ్ల ఆయాసం గురించి రాశాడు. 1950లలో ఇంగ్లండ్‌లోని లాంకషైర్ మిల్లుల్లో షిల్లింగ్ అనే డాక్టరు కార్మికులను పరీక్షించి ఈ జబ్బుకు మెట్లు కట్టాడు. వారం మొదటి రోజున అప్పుడప్పుడు ఛాతీ పట్టేస్తే అర మెట్టు. ప్రతి వారం మొదటి రోజూ పడితే ఒకటో మెట్టు. మిగతా రోజుల్లో కూడా పడితే రెండో మెట్టు. దానితోపాటు ఊపిరి శాశ్వతంగా తగ్గిపోతే మూడో మెట్టు.

దుమ్ము ఎక్కువుండేది బేళ్లు విప్పే చోట, బ్లోరూంలో, కార్డింగులో. దూదిలో కలిసి వచ్చే ఆకు పొట్టు, పుల్లలు, వాటి మీద ఉండే సూక్ష్మక్రిముల విషం, ఇవే ఊపిరిగొట్టాలను బిగబట్టిస్తాయని పరిశోధకుల మాట. మొదటి మెట్టులో ఉన్నప్పుడు దుమ్ము లేని పనికి మారిస్తే కోలుకునే వీలుంటుంది. ఏండ్ల తరబడి అక్కడే ఉంటే పోయిన ఊపిరి తిరిగి రాదు.

ఇంకో ముఖ్యమైన సంగతి, ఈ జబ్బుకు ఎక్స్‌రేలో ప్రత్యేకమైన గుర్తు ఉండదు. కాబట్టి "ఎక్స్‌రే బాగుంది" అన్నంత మాత్రాన ఇది లేనట్టు కాదు. గొట్టంలోకి గట్టిగా ఊదించే స్పైరోమెట్రీ పరీక్షా, మనిషి చెప్పే పని చరిత్రా రెండూ కలిపి చూస్తేనే డాక్టరుకు తెలుస్తుంది. పనిలో ఉన్నవాళ్లకైతే పాళీకి ముందు, పాళీ అయ్యాక ఊదించి చూస్తే తేడా బయటపడుతుంది.

అమెరికాలోని కరోలినా రాష్ట్రాల మిల్లు కార్మికులు ఈ పరిశోధనలనే చేత పట్టుకొని 1970లలో బ్రౌన్ లంగ్ అసోసియేషన్ పెట్టుకున్నారు. 1978లో అక్కడి ప్రభుత్వం మిల్లుల్లో దూది దుమ్ముకు హద్దు పెట్టింది. కంపెనీలు కోర్టుకెక్కితే 1981లో సుప్రీంకోర్టు ఆ హద్దును నిలబెట్టింది.

కాగితం పట్టుకొని ఎక్కడికి?

మా బస్తీలో జరిగింది చెబుతాను. కాలేజీకి పోయే ఒక బిడ్డ తన తాతను కూచోబెట్టి అడిగింది.

"తాతా, నువ్వు ఏ ఖాతాల పనిచేసినవ్?"

"కార్డింగ్‌ల, బిడ్డా. ఇరవై ఆరేండ్లు. అంతకుముందు రెండేండ్లు బద్లీ."

"ఈ మాట దవాఖానల ఎప్పుడన్నా చెప్పినవా?"

"వాళ్లు అడగలే. నేను చెప్పలే."

ఆ బిడ్డ రెండు వ్యాసాల సారాంశాలు ప్రింటు తీయించింది. తాత పని వివరాలు ఒక కాగితం మీద రాసింది. ఇద్దరూ కలిసి డాక్టరు దగ్గరికి పోయారు. మొదట ఆయన వ్యాసాల వంక చూడలేదు. పని వివరాల కాగితం చదివి, సోమవారం సంగతి అడిగాడు. తర్వాత స్పైరోమెట్రీకి రాశాడు. చీటీ మీద మొదటిసారి "కార్డింగ్, 28 సంవత్సరాలు" అని పడింది. జబ్బు ఏమిటన్నది పరీక్షల తర్వాత తేలాల్సిందే. కానీ ఆ ఒక్క లైను లేకుండా ఇన్నాళ్లూ మందులు మింగాడు ఆ పెద్దాయన.

డాక్టరుకు పాఠం చెప్పినట్టు మాత్రం పోకండి. "సార్, ఇది చదివినం, మా నాయన సంగతి ఇట్లనే ఉంది, ఒకసారి చూస్తరా" అంటే వినేవాళ్లు వింటారు. వ్యాసం చదివి మందులు మానేయడం, మార్చుకోవడం అసలు చేయొద్దు.

నష్టపరిహారం సంగతికి వస్తే, 1923 నాటి పరిహారం చట్టంలోని వృత్తి జబ్బుల పట్టికలో బిస్సినోసిస్‌ను చేర్చారు. 1948 నాటి ఈఎస్‌ఐ చట్టం పట్టికలోనూ చేర్చారు. అంటే మిల్లు పనివల్ల వచ్చే జబ్బని చట్టం ఏనాడో ఒప్పుకుంది. కొత్త లేబర్ కోడ్‌ల నేపథ్యంలో మీ కేసుకు ఏది వర్తిస్తుంది, గడువేమిటి, రిటైరైనవాళ్లకు ఎంతవరకు వీలుంది అన్నవి యూనియన్ ఆఫీసులోనో, కార్మిక కేసులు చూసే వకీలు దగ్గరో అడిగి తెలుసుకోవాలి. అక్కడికి ఉత్త చేతులతో పోవడం వేరు, కాగితాలతో పోవడం వేరు.

మన కథ కూడా అక్కడే ఉంది

జబ్బు ఒక్కటే కాదు, మన వలస కథ కూడా ఇట్లనే వెతుక్కోవచ్చు. శోధ్‌గంగ అనే ఉచిత భండారంలో మన దేశపు యూనివర్సిటీల పీహెచ్‌డీ గ్రంథాలు లక్షల సంఖ్యలో ఉన్నాయి. ఇంగ్లీషువే కాదు, మరాఠీవీ తెలుగువీ కూడా ఉన్నాయి. ఒక్కో అధ్యాయం విడిగా దింపుకోవచ్చు. షోలాపూర్, భివండీ, కామాటి, పద్మశాలి, హ్యాండ్‌లూమ్, పవర్‌లూమ్ అనే మాటలు కలిపి కొట్టి చూడండి. ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కూడా ఉచితమే. బడిపిల్లల పుస్తకాల నుంచి పరిశోధనల దాకా అక్కడ వెతకొచ్చు.

అయితే పుస్తకంలో రాయాలంటే ముందు ఎవరో ఒకరు అడిగి రాసుకొని ఉండాలి. 1982 సమ్మె తర్వాత గిర్నీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. హాజరీ పుస్తకాలు ఎటు పోయాయో తెలియదు. ఇప్పుడు ఆ లెక్క ఉన్నది మన పెద్దవాళ్ల నోట్లోనే.

ఈ నెలలో ఒక ఆదివారం కూచొని ఈ వివరాలు రాసిపెట్టండి: మిల్లు పేరు, ఖాతా, ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా, బద్లీ ఎన్నేండ్లు, పర్మినెంటు ఎన్నేండ్లు. దగ్గు ఎప్పుడు మొదలైంది, సుట్టీ తర్వాతి రోజు ఎట్ల ఉండేది, బీడీ అలవాటు ఉందా. పాత ఈఎస్‌ఐ కార్డు, పీఎఫ్ చీటీలు, గేట్ పాస్, ఏవి దొరికితే అవి ఫోటో తీసి పెట్టుకోండి. ఆ కాగితం డాక్టరుకు, వకీలుకు, రేపు మన మీద పరిశోధన చేసేవాళ్లకు, ముగ్గురికీ పనికొస్తుంది. వెతకడంలో ఎక్కడైనా ఆగిపోతే పత్రికకు రాయండి. ఏ మాట కొట్టారో, ఏం వచ్చిందో రాస్తే, వచ్చే సంచికలో కలిసి చూద్దాం.